ఎనిమిది నిమిషాలు ముందు నడిచిన గడియారం

కంప్యూటర్ గదుల్లో ఉద్యోగమంతా గడిపి ఇంటికి చేరినవాణ్ణి. ఏం పని చేసేవాడివని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "గడియారం చూసుకునేవాణ్ణి" అంటాను. ఒక నవ్వు నవ్వి పక్క కుర్చీ వైపు తిరుగుతారు. నిజానికి నేను హాస్యమాడటం లేదు. మిషన్లు బిగించాను, తీగలు లాగాను, చెడిపోయిన డిస్కుల ముందు తల పట్టుకుని కూర్చున్నాను. అవన్నీ ఎవరైనా నేర్చుకుంటారు. నడుస్తున్న మిషన్‌కు తెలియకుండా దాని టైం సరిచేయడం మాత్రం నాకు ఒక మనిషి నేర్పారు. ఈ రాతంతా ఆమె గురించే.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు సుఖపడ్డారు. మీ సర్వర్లు ఎక్కడో ఉన్న పెద్ద గడియారాన్ని అడిగి, వాటంతట అవే టైం దిద్దుకుంటాయి. మీరు ఆ వైపు చూడను కూడా చూడరు. కానీ ఏదో ఒక రోజు ఆ దారి తెగుతుంది. సర్వర్ కొన్ని నిమిషాలు అటో ఇటో జరుగుతుంది. పై నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఇంకా సరిచేయలేదా?" అని గద్దిస్తాడు. మీ వేళ్లు కీబోర్డు మీదే ఉంటాయి, ఒక్క కమాండ్ కొడితే అయిపోతుంది. ఆ కమాండ్ కొట్టే ముందు జడ్చర్ల దగ్గరి మా ఫ్యాక్టరీలో జరిగిన ఈ సంగతి గుర్తుకు రావాలని నా ఆశ.

అన్నీ ఒకే రోజు పుట్టాయి

నా మొదటి ఉద్యోగం నల్లగొండలో, ఒక ఆఫీసులో. ఎనభైల చివరి మాట. మోత్కూర్ నుంచి బస్సులో వచ్చిపోయేవాణ్ణి. ఆఫీసుకు ఒక కంప్యూటర్ వచ్చింది, దానికి దుమ్ము తగలకుండా ఎర్ర గుడ్డ కప్పి పెట్టారు. దానికి గడియారాన్ని నడిపే బ్యాటరీ లేదు. పొద్దున స్విచ్ వేయగానే ఈ రోజు తేదీ ఎంత, టైం ఎంత అని మనల్నే అడిగేది. జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. పెద్ద మీట ఒక్కటి నొక్కి ముందుకు పోయేవాళ్లు. అది దానికి తెలిసిన ఒకే ఒక్క తేదీని పట్టుకుని కూర్చునేది.

ఆరు నెలల తర్వాత ఆఫీసరు గారు పోయిన నెల ఉత్తరాలన్నీ తీయమన్నారు. తీస్తే ఏముంది, ఆఫీసులో ఉన్న ప్రతి ఉత్తరం 1980 జనవరి ఒకటిన పుట్టింది. అప్పటికి మాకు కంప్యూటర్ రానే లేదు.

"ఇదేందిరా నర్సింహా, అన్ని ఒక్కనాడే రాసినమా?" అన్నారు ఆయన.

"దానికి మనం టైం చెప్పలే సార్. చెప్పకపోతే దానికెట్ల తెలుస్తది?" అన్నాను.

ఆ రోజు ఆఫీసంతా నవ్వుకున్నాం. నాకు మాత్రం ఒక మాట మనసులో పడింది. కంప్యూటర్‌కు టైం అంటే ఏమిటో తెలియదు. మనం చెప్పింది నమ్ముతుంది. తప్పు చెప్పినా అంతే గట్టిగా నమ్ముతుంది.

మొగులయ్య గడియారం

తొంభైల మొదట్లో జడ్చర్ల దగ్గర, హైవే పక్కన, మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో చేరాను. మనిషి నిలబడితే మునిగిపోయేంత ఉక్కు కుండలు వరసగా ఉండేవి. వాటిని రియాక్టర్లు అంటారు. ప్రతి కుండకూ వేడి చూపే ఒక ముల్లు, అది దాటకూడని చోట ఒక ఎర్రగీత ఉండేవి. వాటిలో రసాయనాలు పోసి, చుట్టూ ఆవిరి పంపి, ఇంత వేడిలో ఇన్ని గంటలని ఉడికిస్తారు. వేడి తక్కువైతే సరుకు తయారు కాదు, ఎక్కువైతే మాడి నల్లబడుతుంది, ఇంకా ఎక్కువైతే కుండ పొంగి మనుషుల మీద పడుతుంది.

ఆ వేడిని చూసుకోవడానికి ఒక పెద్ద కంప్యూటర్ తెచ్చారు. ఇప్పుడు మీరు సర్వర్ అంటున్నదే. మేం పెద్ద మిషన్ అనేవాళ్లం. అది నిమిషానికోసారి ప్రతి కుండ వేడినీ చూసి, ఆవిరి వాల్వును కాస్త తెరవడమో మూయడమో చేసేది. పక్కనే ఇంకో మిషన్, మొదటిది చెడిపోతే వాడుకోవడానికి, ఖాళీగా ఉండేది. అది స్పేర్ మిషన్.

పెద్ద మిషన్ బిగించిన రోజు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీర్ "టైం ఎంతయింది?" అని అడిగాడట. ఎవరో కిటికీలోంచి గేటు గడియారం చూసి చెప్పారు. అసలు కథ అక్కడ మొదలైంది.

గేటు గడియారం, పనివాళ్ల హాజరు చూసే టైం ఆఫీసులో ఉండే మొగులయ్యది. దాన్ని ఆయన ఎప్పుడూ ఎనిమిది నిమిషాలు ముందు పెట్టి ఉంచేవాడు. మా దిక్కు ఇది కొత్తేమీ కాదు. మోత్కూర్‌లో మా బాపు గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందు పెట్టేవాడు, బస్సు తప్పిపోకుండా. మళ్లీ ఆయనే దాని వైపు చూసి "ఇంక పది నిమిషాలున్నయి తియ్" అని నింపాదిగా చుట్ట ముట్టించేవాడు. బస్సు వెళ్లిపోయేది. ఏ ఇంట్లో గడియారం ఎంత ముందుందో ఆ ఇంటివాళ్లకు తెలుసు, మనసులోనే తీసేసుకుంటారు. కంప్యూటర్‌కు అలా తీసేసుకోవడం రాదు. అది మొగులయ్య మాటను ముమ్మాటికీ నమ్మింది.

సుల్తానా మేడమ్

మిషన్ వచ్చిన కొన్ని నెలలకు మా విభాగానికి అధికారిగా సుల్తానా మేడమ్ వచ్చారు. మహబూబ్‌నగర్ నుంచి రోజూ పొద్దున రైల్లో దిగేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేతిసంచిలో అన్నం డబ్బాతో పాటు ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. వార్తల ముందు సరైన టైం చెబుతూ వచ్చే 'కూ' శబ్దాలు వినిపించే వేళకు దాన్ని తీసి మిషన్ తెర పక్కన పెట్టేవారు. రియాక్టర్ దగ్గర పనిచేసే ఆపరేటర్లను కూడా 'మీరు' అనే పిలిచేవారు. నన్నొక్కణ్ణే 'నువ్వు' అనేవారు. అది నాకు దక్కిన ప్రమోషన్ అనుకున్నాను.

ఆమెలో వంకలు లేవని చెప్పను. కోపం ముక్కు మీదే ఉండేది. ఎదుటివాడికి అర్థమైందా లేదా అని చూడకుండా సగం మాట చెప్పి వెళ్లిపోయేవారు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో, మిషన్ చెప్పినదానికీ లోకంలో జరిగినదానికీ మధ్య తేడాను అంత పట్టుదలగా వెతికే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

వచ్చిన వారంలోనే మిషన్ ఎనిమిది నిమిషాలు ముందుందని రేడియోతో కనిపెట్టారు. నేను ఉత్సాహంగా కుర్చీ లాక్కుని "ఇప్పుడే తిప్పి పెడత మేడమ్" అన్నాను.

"ముట్టినవంటే చేతులు ఇరగ్గొడత," అన్నారు. "టైం తప్పుంటే ఏం గాదు. టైం ఎగిరితెనే కష్టం."

షిఫ్టు ఇన్‌చార్జీలందరినీ పిలిచి, మిషన్ టైం ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు. ఎందుకు ముట్టుకోవద్దో చెప్పలేదు. ఆ సగం మాటే తర్వాత అందరి మెడకూ చుట్టుకుంది.

యాదయ్య వాల్వు కట్టిన రోజు

ఆ రోజు మేడమ్ సెలవులో ఉన్నారు. నేను డిస్కు తేవడానికి హైదరాబాద్ వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టులో మూడో నంబరు రియాక్టర్ వేడెక్కుతోంది. మిగతావి చల్లారే దశలో ఉన్నాయి. మూడో నంబరు దగ్గర ఆపరేటర్ యాదయ్య.

యాదయ్య జడ్చర్ల పక్క ఊరివాడు, నలభై దాటినవాడు. వయసులో చాలా భాగం బొంబాయిలో మట్టి పనికి పోయి, ఫ్యాక్టరీ వచ్చాక తిరిగొచ్చాడు. పెళ్లాంబిడ్డలతో ఒకే ఇంట్లో ఏడాది పొడుగునా ఉండటం ఈ ఉద్యోగంతోనే మొదలైందని చెప్పేవాడు.

ఆ పూట ఏం జరిగిందో అతని మాటల్లోనే చెబుతాను.

"ముల్లు ఎర్రగీత దిక్కు పోతాంది సార్. ఇంక కంప్యూటర్ ఆవిరి కడతది అని చూస్తున్న. కట్టలే. గీత దాటింది. మిషన్ నడుస్తుంటె చెయ్యి పెట్టద్దని మనకు ఆర్డర్ ఉండె గద. జర సేపు ఆగిన. కుండల నుంచి గుర్రుమని సప్పుడొచ్చింది. ఇంక ఫికర్ చెయ్యలే, పోయి చేత్తోని కట్టిన."

కుండ పొంగలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ సరుకు మాడి నల్లబడింది. మర్నాడు మేనేజర్ గారు ఆ కుండ ఉడికినంతసేపూ మిషన్ అచ్చేసిన కాగితం తెప్పించారు. నిమిషం నిమిషానికీ వరసగా వేడి లెక్కలు ఉన్నాయి, మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు. ఒక నిమిషంలో వేడి ఉండాల్సిన చోట ఉంది. తర్వాతి నిమిషంలో ఒక్కసారిగా ఎర్రగీత దాటి ఉంది. ఆ వెంటనే వాల్వు చేత్తో మూసినట్టు ఉంది.

మేనేజర్ కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. చెడ్డవాడు కాడు, కాగితాన్ని నమ్మే మనిషి. ఆయనకు అర్థమైంది ఇది: యాదయ్య త్వరగా షిఫ్టు దిగాలని మిషన్ వాల్వును తప్పించి ఆవిరి పోయే పక్క గొట్టం తెరిచి, ఆవిరి ఎక్కువగా పంపాడు, చేయి దాటిపోయేసరికి కంగారుగా మూశాడు. "జర సేపు ఆగాను అంటున్నాడు కదండీ, కాగితంలో ఒక్క నిమిషమే ఉంది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?" అన్నారు. యాదయ్యను పనిలోంచి పక్కన పెట్టి విచారణ వేశారు. విచారణలో తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం పోతే అతనికి మళ్లీ బొంబాయి బస్సే.

నేను వాళ్లింటికి వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"కంప్యూటర్ అబద్ధం చెప్తదా అన్నరు సార్," అన్నాడు. "మరి నేను చెప్తనా? గది నన్నెవ్వరు అడగలే."

ఇంకో మాట కూడా అన్నాడు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "ఇప్పుడు నాకే అనుమానమొస్తాంది. నేను జర సేపు ఆగిన్నా, లేకుంటె పరేషాన్ల గట్ల అనిపించిందా అని."

ఒక్క నిమిషంలో కాగని కుండ

మేడమ్ సెలవు నుంచి వచ్చీ రాగానే ఆ కాగితం అడిగారు. బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివారు. వేడి ఎగిరిన చోట వేలు ఆగింది.

"నర్సింహా, మీ ఇంట్ల అన్నం కుండ పొయ్యి మీద పెడితె ఎంతసేపటికి పొంగుతది?"

"జర సేపు పడతది మేడమ్."

"గింత గిన్నెకే జర సేపు పడితె, గంత పెద్ద కుండ ఒక్క నిమిషంల గింత వేడి ఎక్కుతదా? పక్క గొట్టం మొత్తం తెరిచినా ఎక్కదు. కుండను తీసి మంటల ఏసినా ఎక్కదు."

అందరం ఆ కాగితాన్ని చూశాం. అందరం యాదయ్య తప్పునో ఒప్పునో వెతికాం. ఉడికే వస్తువు అంత వేగంగా ఉడకదని ఒక్కరికీ తట్టలేదు. ఆమెను మెచ్చుకోవడానికి నాకు ఆ ఒక్క క్షణం చాలు.

"వేడి బరాబర్ రాసింది. టైమే తప్పు రాసింది," అన్నారు. "ఈ రెండు వరసల నడుమ ఒక్క నిమిషం కాదు, చాన నిమిషాలున్నయి. ఎవరో గడియారం ఎనక్కి తిప్పిండ్రు."

"కానీ మేడమ్, ఇప్పుడు చూస్తె మిషన్ ఎప్పటి లెక్కనే ఎనిమిది నిమిషాలు ముందుంది గద?"

"అయితే రెండుసార్లు తిప్పిండ్రు," అన్నారు.

ఆ రోజు షిఫ్టు ఇన్‌చార్జి ప్రభాకర్ దగ్గరకు వెళ్లాం. మంచి పనిమంతుడు, ఎవరి మీదా నింద మోపే రకం కాదు. మేడమ్ అడగగానే దాచుకోకుండా చెప్పాడు.

"నేనే సరిచేసిన మేడమ్. హెడ్డాఫీసోళ్లు వస్తున్నరంటిరి, మిషన్ టైం తప్పుంటె మంచిగుండదని రేడియో చూసి పెట్టిన. సాయంత్రం గేటుకాడ మొగులయ్య లొల్లి పెట్టిండు, హాజరు కార్డుల మీద ఒక టైం, మీ కాగితాల మీద ఒక టైం ఎట్లని. ఎందుకొచ్చిన పంచాయితి అని మల్ల ముందలికి జరిపిన. తప్పు టైంను కరెక్ట్ చేస్తె తప్పెట్ల అయితది?"

అతని ముఖం చూస్తే నిజంగానే అర్థం కాలేదని తెలుస్తోంది. యాదయ్య కష్టానికీ తను చేసినదానికీ సంబంధం ఉందని అతనికి కలలో కూడా తోచలేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మేడమ్ అప్పుడు కూర్చుని, మొదటిసారి పూర్తి మాట చెప్పారు. మిషన్ ఒకసారి వేడి చూశాక, మళ్లీ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు చూడాలో రాసి పెట్టుకుంటుంది. రెండు గంటల పది నిమిషాలకు చూసిందనుకోండి, రెండూ పదకొండుకు చూస్తానని అనుకుంటుంది. అంతలో ఎవరో గడియారాన్ని రెండూ రెండుకు తిప్పారు. మిషన్ రెండూ పదకొండు కోసం కాచుకుని కూర్చుంటుంది. అప్పటిదాకా వేడిని చూడదు, వాల్వును ముట్టదు. తెరిచి ఉన్న ఆవిరి తెరిచే ఉంటుంది. తీరా పదకొండు కొట్టాక చూసి రాస్తుంది. కాగితం మీద పది పక్కన పదకొండు వరసగా, ముద్దుగా ఉంటాయి. మధ్యలో పోయిన నిమిషాలకు ఎక్కడా గుర్తు ఉండదు.

ప్రభాకర్ తల వంచుకున్నాడు. "యాదన్న నౌకరి నా ఎనిమిది నిమిషాలకు పోతాందా మేడమ్?" అన్నాడు.

"పోనియ్యం," అన్నారు ఆమె. "మీకు ఎందుకు ముట్టద్దో చెప్పకపోవుడు నా తప్పు. పట్టండి, పనుంది."

నీళ్ల వంట

మేనేజర్ గారికి ఇదంతా చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు. "మాటలు బాగానే ఉన్నాయండీ. రుజువేదీ?"

"మీ చేతనే చేయిస్త సార్," అన్నారు మేడమ్.

ఖాళీగా ఉన్న ఒక రియాక్టర్‌ను మంచినీళ్లతో నింపించారు. దాని తీగలను పెద్ద మిషన్ నుంచి విప్పి స్పేర్ మిషన్‌కు కలిపాం. మిగతా కుండలు పెద్ద మిషన్ కింద ఎప్పటిలాగే ఉడుకుతున్నాయి, వాటికి ఈ గొడవే తెలియదు. విచారణ చేసే ఇద్దరు అధికారులు వచ్చారు. యాదయ్యను ఇంటి నుంచి పిలిపించి వాల్వు పక్కన నిలబెట్టారు.

"యాదయ్యా, నేను చెప్పేదాంక వాల్వు ముట్టకండి. ఫికర్ చెయ్యకండి, నీళ్లే," అన్నారు మేడమ్.

ఆవిరి వదిలాం. ముల్లు మెల్లగా ఎక్కుతోంది. మిషన్ నిమిషానికోసారి వేడి చూసి తెర మీద అంకె మారుస్తోంది. గీతకు దగ్గరవుతుండగా మేడమ్ కుర్చీ జరిపి మేనేజర్ గారిని తెర ముందు కూర్చోబెట్టారు. "ఇప్పుడు టైం ఎనిమిది నిమిషాలు ఎనక్కి పెట్టున్రి సార్."

ఆయన పెట్టారు. నిమిషం దాటింది. తెర మీద అంకె కదలలేదు.

"మామూలుగానే ఉంది కదండీ," అన్నారు ఆయన తెర చూస్తూ.

ముల్లు ఎక్కుతోంది. నేను చూస్తున్నాను, ప్రభాకర్ చూస్తున్నాడు. యాదయ్య ముల్లునూ మేడమ్‌నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ముల్లు ఎర్రగీత తాకింది. తెర మీద అదే అంకె. ముల్లు గీత దాటింది. తెర మీద అదే అంకె.

"మామూలుగానే..." అని మళ్లీ మొదలుపెట్టిన మేనేజర్ గారు, కుండలోంచి గుర్రుమని చప్పుడు రాగానే తల తిప్పారు. అప్పుడు ముల్లు కనబడింది. కుర్చీ లోంచి లేచి "మూసేయండి! ఎవరక్కడ, ముందు మూసేయండి!" అని అరిచారు.

"యాదయ్యా, ఇప్పుడు కట్టున్రి," అన్నారు మేడమ్.

యాదయ్య ఒక్క అంగలో పోయి వాల్వు కట్టాడు. చెమట తుడుచుకోకుండా మేనేజర్ గారి వైపు తిరిగి, "గింతసేపే ఆగిన సార్ ఆనాడు గూడ. గింతసేపే," అన్నాడు. తను ఆగింది నిజమేనని అతనికి కూడా ఆ క్షణమే నమ్మకం కుదిరిందనుకుంటాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆవిరి వల్ల అని సర్దిచెప్పుకున్నాను.

మేనేజర్ గారు కుర్చీ జరిపి వాల్వు దాకా వచ్చారు. తర్వాత అధికారుల వైపు చూసి, "ఆ రోజు నేనున్నా ఇదే చేసేవాణ్ణి. ఇతనిది తప్పు లేదు, రాసుకోండి," అన్నారు. ఆయన పట్ల నాకున్న గౌరవం ఆ మాటతో పెరిగింది. తను నమ్మిన కాగితం మీద తనే అడ్డగీత కొట్టడం పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు అంత తేలిక కాదు.

యాదయ్య మర్నాడే పనిలో చేరాడు.

తిప్పడం కాదు, నడిపించడం

ఇక మేనేజర్ గారికి తొందర పుట్టింది. "టైం ఇంత ముఖ్యమని తెలిశాక ఇంకా తప్పు టైం ఎందుకండీ? పెద్ద మిషన్‌ను వెంటనే సరిచేయండి!"

"గదే వద్దని ఇంతసేపు చూపించిన గద సార్," అన్నారు మేడమ్. గదిలో అందరం నవ్వేశాం, ఆయన కూడా.

ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు. ఎప్పుడూ ఏదో ఒక కుండ ఉడుకుతూనే ఉంటుంది. ఒకటి దిగేలోపు ఇంకొకటి ఎక్కుతుంది. అన్నీ ఖాళీగా ఉండే పూట కోసం చూస్తే ఏళ్లు గడుస్తాయి. వెనక్కి తిప్పితే మిషన్ నిద్రపోతుంది. ముందుకు తిప్పితే గంటలు పూర్తి కాకుండానే వంట దింపేస్తుంది. ప్రభాకర్ సాయంత్రం ముందుకు జరిపినప్పుడు సరుకు ఆరబెట్టే పెట్టె ఒకటి ఎనిమిది నిమిషాలు ముందే ఆగిపోయిందని మాకు తర్వాత తెలిసింది.

మేడమ్ పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. కంప్యూటర్ లోపల ఒక టిక్కు కొట్టుకుంటూ ఉంటుంది, సెకనుకు ఎన్నో సార్లు. టిక్కు కొట్టిన ప్రతిసారీ గడియారం ఇంత ముందుకు జరగాలని ఒక కొలత ఉంటుంది. ఆ కొలతను ఆమె పిసరంత తగ్గించారు. గడియారం ఆగదు, వెనక్కి పోదు, ఏ నిమిషాన్నీ దాటేయదు. ప్రతి నిమిషమూ వస్తుంది, కాకపోతే కంటికి ఆననంత నింపాదిగా వస్తుంది. ఎనిమిది నిమిషాలు సరికావడానికి పది రోజులు పడుతుంది. నాలుగు గంటల వంటకు ఎనిమిది సెకన్లు ఎక్కువవుతాయి. కుండకు అదొక లెక్క కాదు.

"ఒక్క రోజుల అయిపోయేటట్టు చెయ్యచ్చు గద మేడమ్?" అన్నాను. నాకు ఆత్రం ఎక్కువ.

"ఎవని కోసం జల్ది? కుండ అడుగుతుందా, యాదయ్య అడుగుతుండా? మేనేజర్ సాబ్ ఒక్కడే అడుగుతుండు. ఆయన ఆగుతడు," అన్నారు.

నాయనలారా, మీరు ఈ పనిలో చేరితే ఈ ప్రశ్నను మీ గదిలో గోడ మీద రాసుకోండి. ఎవరి కోసం తొందర? నేను చూసిన చెడ్డ రోజులన్నీ ఈ ప్రశ్న అడగకుండా కమాండ్ కొట్టిన రోజులే.

గేటు గడియారం సంగతి మాత్రం మా వల్ల కాలేదు. దాన్ని కూడా సరిచేద్దామని మేడమ్ టైం ఆఫీసుకు వెళ్తే మొగులయ్య లేచి నిలబడి గడియారానికి అడ్డంగా వచ్చాడు.

"సక్కగ పెడితె ఒక్కడన్న టైంకు వస్తడా మేడమ్? ముందుంటెనే గింత ఆలస్యంగ వస్తున్నరు!"

మేడమ్ ఆ గడియారాన్ని కాసేపు చూసి వెనక్కి వచ్చేశారు. "అది గడియారం కాదు నర్సింహా, మొగులయ్య కేక. ఉండనీ. మన మిషన్ దాని మాట వినకుంటె చాలు," అన్నారు. ఏది దిద్దాలో, ఏది వదిలేయాలో తెలిసిన అధికారులు తక్కువ. ఆమెకు తెలుసు.

యాదయ్య అడిగిన మాట

పనిలోకి తిరిగొచ్చినా యాదయ్యకు గుబులు పోలేదు. మిషన్ టైం సరిచేయబోతున్నామని ఎవరో అతని చెవిన వేశారు. మర్నాడు పొద్దున మా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. చెప్పులు బయటే విడిచాడు.

"మేడమ్, ఒక్క మాట. మీరు గడియారం మార్చేటప్పుడు నాకు జర ముందల చెప్పండి. వాల్వుకాడ నిలబడత. మల్ల గట్ల కావద్దు."

"ముందల చెప్పను యాదయ్యా," అన్నారు మేడమ్. "అయినంక చెప్త."

అతని ముఖం వాడిపోయింది. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాకు కష్టంగా అనిపించింది. అంత భయపడుతున్న మనిషికి ఒక్క మాట ముందు చెబితే ఏం పోతుందని మేడమ్‌ను అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. సగం మాట అలవాటు అంత తొందరగా పోదు మరి.

ఆ తర్వాత యాదయ్య షిఫ్టులో ఉన్నంతసేపూ ముల్లునే కాదు, మిషన్ తెరను కూడా కాపలా కాశాడు. మేం తెర దగ్గరకు వెళ్తే చాలు, లేచి వాల్వు పక్కకు పోయి నిలబడేవాడు. భోజనానికి పోయేటప్పుడు పక్క ఆపరేటర్‌ను కూర్చోబెట్టి పోయేవాడు. కుండలు ఎక్కాయి, దిగాయి. సరుకు తెల్లగా వచ్చింది. ఏ ముల్లూ గీత దాటలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఇక పట్టలేక మళ్లీ తలుపు దగ్గరకు వచ్చాడు.

"మేడమ్, జర చెప్పండి. గడియారం ఎన్నడు మారుస్తరు? నాకు ఇంట్ల తిండి సయిస్తలేదు."

మేడమ్ చేతిసంచిలోంచి ట్రాన్సిస్టర్ తీశారు. యాదయ్యను వెంటబెట్టుకుని వెళ్లి, రేడియోను తెర పక్కన నిలబెట్టి, దాని చెవి మెలిపెట్టారు. వార్తల వేళ అవుతోంది. కూ, కూ అని శబ్దాలు వచ్చాయి. ఆఖరి కూతతో పాటే తెర మీద నిమిషం మారింది.

యాదయ్య తెరను చూశాడు, రేడియోను చూశాడు, తన మూడో నంబరు కుండను చూశాడు. అది అతని కళ్ల ముందే, ఎప్పటిలాగే ఉడుకుతోంది.

"ఎప్పుడు మార్చిండ్రు?" అన్నాడు.

"పది రోజులు మెల్లగ మార్చిన. మొన్ననే అయిపోయింది. మీరు ఈడ్నే కూసున్నరు గద?"

"ఈడ్నే ఉన్న మేడమ్. కన్ను గూడ మూయలే. నాకు తెల్వనే లేదు."

"మీకు తెల్వకుండ అయ్యుడే యాదయ్యా, మా నౌకరి."